ఎర్రబడ్డవి పాతవి

హుద్‌హుద్ తుపాను వెళ్లిన తొమ్మిదో నాడు నష్టం రాసుకోవడానికి మండలాఫీసు నుంచి ఒకాయన దాలమ్మ గుమ్మంలోకి వచ్చాడు. తెప్ప పోయింది, రెండు వలలు పోయాయి, ఉప్పు పట్టించి ఎండేసిన చేప మొత్తం ఇసకలో కలిసిపోయింది అని ఆమె వరసగా చెప్పుకొచ్చింది. ఆయన తలాడిస్తూ రాసుకున్నాడు. ఆమె బొటనవేలికి సిరా పూసి, కాగితం మీద నొక్కించుకుని పోయాడు. 'పూరిల్లు పాక్షికంగా దెబ్బతిన్నది' అన్న ముక్క తప్ప ఆ కాగితంలో ఇంకేమీ లేదని మూడు నెలల తర్వాత తెలిసింది. తమాషా ఏమిటంటే, ఆమెకున్నవాటిలో ఆ తుపానుకి చెక్కుచెదరనిది ఇల్లొక్కటే.

మొగుడు అప్పలసూరి మండలాఫీసుకి బయల్దేరబోతే దాలమ్మే ఆపింది.

"ఊరుకో మావా. కలం ఆడి సేతిలో ఉన్నాది. మన సేతిలో ఏటున్నాది?"

అరవయ్యేళ్లలో ఆమెకిది కొత్త కాదు. రేషన్ కార్డులో ఆమె పేరు ధనమ్మ. ఓటర్ల జాబితాలో ఆమె వయసు మొగుడికంటే నాలుగేళ్లు ఎక్కువ. ఆసుపత్రిలో నడుం నొప్పని చెబితే చీటీలో తలనొప్పి అని పడింది. అన్నిటికీ ఎక్కడో ఒకచోట ఆమె వేలిముద్ర పడింది. అంటే, అవన్నీ ఆమె ఒప్పుకున్న మాటలన్నమాట. మన దేశంలో చదువు రాని మనిషిని ఇంత శుభ్రంగా, ఇంత చట్టబద్ధంగా అబద్ధాలకోరును చేస్తున్నాం.

మరుసటి ఏప్రిల్లో ఒక ఆదివారం దాలమ్మ ఎప్పటిలాగే ఎండు చేపల గంపతో సముద్రపొడ్డు నుంచి ఎచ్చెర్ల వచ్చింది. పదకొండయ్యేసరికి గంప సగం ఖాళీ అయింది. ఎండ మాత్రం నెత్తిన కూర్చుంది. ఆటో వచ్చేదాకా కాస్త నీడ చూసుకుందామని కళ్యాణమండపం మెట్లెక్కింది. లోపల పెళ్లి లేదు. ఆకాశంలో తిరిగే హబుల్ దుర్బిణికి పాతికేళ్లు నిండాయని, అది తీసిన ఫోటోలను పెద్ద పెద్ద అట్టల మీద అచ్చేసి ఒక సైన్సు సంఘం వాళ్లు గోడల పొడుగునా నిలబెట్టారు.

"గంప బయట పెట్టేసి రా. లోపల ఫేన్లున్నాయి" అన్నాడు వాచ్‌మన్.

లోపల జనం బాగానే ఉన్నారు. సాలూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన లారీ డ్రైవరొకడు రంగురంగుల మేఘంలాంటి బొమ్మ ముందు నిలబడి, "ఒరే, దీన్ని బండెనకాల ఏయించితే రోడ్డు మీద ఒక్కడూ ఓవర్టేక్ సెయ్యడు. సూస్తూ ఉండిపోతాడు" అంటున్నాడు. చీపురుపల్లి నుంచి వచ్చిన రైతు ఒకాయన, "మావోడిది మఖా నచ్చత్రం, ఇందులో ఏడున్నాదో సూపించండి" అని పట్టుకున్నాడు. ఒకావిడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టింది. ఇదంతా కంప్యూటర్లో చేసిన మాయ అని ఒక కుర్రాడు ఘంటాపథంగా చెప్పి, ఆ మాయ ముందే నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు.

దాలమ్మ మాత్రం చివరి బొమ్మ దగ్గర ఆగిపోయింది. నల్లటి నేల. దాని మీద వేలకొద్దీ చిన్న చిన్న మెరుపులు. కొన్ని పొడుగ్గా, కొన్ని వంకరగా, కొన్ని చుక్కల్లాగా.

"ఏ రేవుదే తల్లీ ఇది? నల్లొల మీద నెత్తళ్లు ఎండేసినట్టున్నారు" అంది.

పక్కనే బొమ్మల గురించి చెబుతున్న డిగ్రీ పిల్ల శ్రావణి నవ్వాపుకుంది. వెనకాల ఎవరో ఆపుకోలేదు.

ఆ పొరపాటు సముద్రపొడ్డు ఆడవాళ్లు తప్ప ఇంకొకరు చేయలేరు. పాత నల్ల వలను ఇసకలో పరిచి దాని మీద నెత్తళ్లు ఎండబోస్తారు. వేలెడంత చేపలు. పైన నిలబడి చూస్తే అచ్చం ఆ బొమ్మే.

"చేపలు కావు మామ్మా. ఒక్కోటీ ఒక్కో నక్షత్రాల గుంపు. ఒక్కో గుంపులో కోట్లకి కోట్లు ఉంటాయి" అంది శ్రావణి.

దాలమ్మ ఇంకా బొమ్మనే చూస్తోంది.

"కోట్లయితే కోట్లు. గానీ ఒక్క రోజు సరుకు కాదే ఇది. కలిపేసినారు."

"కలపడమేటి?"

"ఇవి సూడు, నీలంగా మెరుస్తన్నాయి. ఇయ్యి కొత్తయి. ఇదిగో, ఈ సన్నయి ఎర్రబడిపోనాయి. ఎర్రబడ్డవి పాతయి. ఎండు సేపకీ అంతే. ఎన్నాళ్లదో నోరిప్పి సెప్పదు, రంగే సెప్పేస్తాది."

బొమ్మలు చూపించే కర్ర శ్రావణి చేతిలో అలాగే ఉండిపోయింది. పొద్దుటి నుంచి ఆ పిల్ల నలభై మందికి ఆ బొమ్మ చూపించింది. ఎంత పెద్దది, ఎంత ఖర్చయింది అని అడిగినవాళ్లే గానీ రంగుల తేడా గురించి ఒక్కరూ ఎత్తలేదు.

"నిజమే మామ్మా! అన్నీ కాదు గానీ, ఆ సన్నటి ఎర్రవి చాలా మటుకు అంతే. బాగా దూరానివి ఎర్రగా కనబడతాయి. ఆ వెలుగు బయల్దేరి వెయ్యి కోట్ల ఏళ్లు దాటింది."

"అయితే ఇప్పుడవి ఉన్నాయా, పోనాయా?"

"అది... తెలీదు మామ్మా."

"ఓలమ్మా! మీకూ తెల్నేదా!" దాలమ్మ పకపకా నవ్వింది. ఈసారి చుట్టూ ఉన్నవాళ్లు ఆమెతోపాటు నవ్వారు.

వాకిలి దగ్గర బల్ల మీద అభిప్రాయాల పుస్తకం ఉంది. రిటైరైన సైన్సు మేస్టరు జగన్నాధం గారు దాని ముందు కూర్చున్నారు. మంచాయనే. పల్లెల్లో గ్రహణాల భయం పోగొట్టడానికి సొంత ఖర్చుతో తిరిగిన మనిషి. శ్రావణి దాలమ్మను ఆయన దగ్గరికి తీసుకెళ్లి, ఈమె చెప్పింది పుస్తకంలో ఎక్కాలి మేస్టారూ అంది. జరిగింది విని ఆయన ముచ్చటపడి, కలం తీసి చకచకా రాశారు. ఇంకు ప్యాడ్ ముందుకు జరిపారు.

దాలమ్మ వేలు చాపింది. చాపి ఆగింది. ఇంత నవ్వి, ఇంత మాట్లాడి, ఇది కూడా ఇంకెవరిదో అయిపోతే? తుపాను నష్టం కాగితం మీద వేలు పెట్టినప్పుడు నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఇప్పుడు బయటపడింది.

"ఏటి రాసినావో ఓపాలి సదువు బాబూ."

ఆయన గొంతు సవరించుకుని చదివారు: "ప్రదర్శనను తిలకించిన ఒక నిరక్షరాస్య మత్స్యకార మహిళ విశ్వరహస్యాలకు అబ్బురపడి ఆనందం వ్యక్తపరిచినది."

"అబ్బురపడి అంటే ఏటి?"

"ఆశ్చర్యపోయావని."

"నాను ఆచ్చర్యపోనేదు. సేపలనుకున్నాను."

మేస్టారు ఇబ్బందిగా నవ్వారు. "ఈ పుస్తకం పెద్దవాళ్లు చూస్తారమ్మా. చేపలని రాస్తే నవ్విపోతారు. నీకే చిన్నతనం."

"నవ్వనీ. తప్పు నాది, నవ్వూ నా మీదే. మాట కూడా నాదే ఉండాల. ఎర్రబడ్డవి పాతయని నానన్నాను. అది ఏదీ?"

ఆయన రాసింది మళ్లీ చూసుకున్నారు. వెనక వరస పెరుగుతోంది.

"బేగి కానీయండి మేస్టారూ" అని ఎవరో విసుక్కున్నారు.

దాలమ్మ వేలు వెనక్కి తీసుకుని చీర కొంగులో చుట్టేసింది. "నా మాట రాయకపోతే నా ఏలూ పడదు" అంది. గొంతు పెంచలేదు. కదలనూ లేదు.

జగన్నాధం గారు ఆ కొంగు వైపు చూశారు. ముప్పై మూడేళ్లు పాఠం చెప్పిన మనిషి, చూసిందే రాయమని, తోచింది రాయవద్దని ప్రయోగాల పుస్తకాల్లో పిల్లల చేత దిద్దించిన మనిషి. రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు.

"చెప్పమ్మా. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

దాలమ్మ చెప్పింది. ఆయన రాశారు. 'నల్లొల మీద నెత్తళ్లనుకున్నాను. కాదంట. అయినా ఎర్రబడ్డవి పాతయి, నీలంగా ఉన్నవి కొత్తయి. పాతయి ఇప్పుడున్నాయో నేదో ఆళ్లకీ తెల్నేదు.' పేరడిగారు. దాలమ్మ అని చెప్పి, "ధనమ్మ కాదు" అని కూడా అంది. ఆయన చదివి వినిపించారు. ఒకసారి కాదు, ఆమె అడిగితే రెండుసార్లు. అప్పుడు కొంగు విప్పి వేలు చాపింది.

చదువుకున్న అయ్యలారా, అమ్మలారా! రేపు ఏ బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, మండలాఫీసులోనో రాయడం రాని మనిషి మీ పక్కకొచ్చి, కాస్త రాసిపెట్టమంటుంది. మీకు తీరికుండదు, తెలుసు. అయినా రాయండి. ఆమె చెప్పిందే రాయండి, మీకు బాగుందనిపించింది కాదు. రాశాక ఆమె అడక్కముందే చదివి వినిపించండి. కాదంటే కొట్టేసి మళ్లీ రాయండి. వేలిముద్ర ఆ తర్వాతే వేయించండి.