గోడ మీద అత్త

మా ఇళ్లలో గోడ ఎక్కాలంటే ముందు చచ్చిపోవాలి. పెళ్లి ఫొటోలు ఆల్బంలో ఉంటాయి, పిల్లల ఫొటోలు ఫోన్లో ఉంటాయి, గోడ మాత్రం పోయినవాళ్లది. తాతకు చందనం పూసల దండ, అవ్వకు ప్లాస్టిక్ మల్లెల దండ, ఇద్దరికీ కలిపి ఒక ఎర్ర బల్బు. అందుకే మా అక్క అత్తగారు, ఎవరు ఫోన్ ఎత్తి పట్టినా సరే, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. తీస్తే తీశారు, గోడకు మాత్రం తగిలించబోమని ఒట్టేయండి అంటుంది.

అలాంటి మనిషి బొమ్మను మా అక్క తలుపంత కాన్వాసు మీద వేసి, పుదుచ్చేరి టౌన్లో నలుగురూ చూసేచోట గోడకు తగిలించింది. ఆ సంగతి అత్తకు చెప్పనే లేదు.

పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నాక అక్క టౌన్లో పెయింటింగ్ క్లాసులో చేరింది. వంట ముగించి, రంగుల సంచి చంకన పెట్టుకుని, అరియాంకుప్పంలో బస్సెక్కేది. అక్క క్లాసుకు వెళ్లడం గురించి అత్త మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. బస్సులో ఆకలేస్తుందని ఇడ్లీలు కట్టిచ్చేది, అంతే. ఇప్పుడా క్లాసువాళ్ల బొమ్మలన్నీ బీచికి దగ్గర్లో, గ్యాలరీగా మార్చిన ఓ పాత ఫ్రెంచి ఇంట్లో శని, ఆదివారాలు పెట్టారు. మిగతావాళ్లు పూలూ పడవలూ వేస్తే, మా అక్క పెరటి మెట్టు మీద కూర్చుని మునగాకు దూస్తున్న అత్తను వేసింది.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే వెయ్యనివ్వదని అంది. మరి రేపు ఎవరో చెప్పగా వింటేనో అన్నాను. అక్క మొహం చిన్నబోయింది.

"ఎవురో చెప్పేది కాదే. ఆమే వచ్చి చూడాల. చూసి తిట్టినా సరే," అంది.

అక్కకు కావలసింది అదొక్కటే. మాస్టారు మెచ్చుకున్నా, పేపర్లో పడినా లెక్కలేదు. మరి గడప దాటడమంటేనే విసుక్కునే మనిషిని టౌను దాకా ఎవరు తీసుకురావాలి? ఇలాంటి రాయబారాలకు మా ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ పనికిరారు. నాకు ఓపిక తక్కువ, నోరెక్కువ. పైగా ఇలాంటి గూడుపుఠాణీలంటే నాకు మహా సరదా. ఆఫీసులో ఫైలు కదిలించడం కంటే మనిషిని కదిలించడం నాకు తేలిక.

ఆదివారం మధ్యాహ్నం ఆటో తీసుకుని అక్క వాళ్లింటికి వెళ్లాను. నేనూ ఆమెను అత్తా అనే పిలుస్తాను. అక్క క్లాసువాళ్లు బొమ్మలు పెట్టారు, చూసొద్దాం రమ్మన్నాను. నాకేం తెలుసు బొమ్మల సంగతి అంది. తెలియక్కర్లేదు, నిలబడి చూస్తే చాలన్నాను. చివర్లో బీచి కాఫీ ఆశ చూపిస్తే పట్టుచీర కట్టింది. ఆటో వంతెన దాటుతుంటే కొంగు బిగించి పట్టుకుని, చిన్నపిల్లలా నది వైపు వంగి చూసింది.

గ్యాలరీలో ముందున్న రెండు గదులూ వేరేవాళ్లవి, క్లాసువాళ్లది మూడోది. మొదటి గదినిండా సముద్రం ఫొటోలే. వీరాంపట్టినం రేవులో పడవల మీదున్న జాలర్ల ఫొటో ముందు అత్త ఆగిపోయింది. వాళ్ల మొహాల్లో నవ్వు చూస్తే ఆవేళ వల బాగా నిండినట్టుందని తేల్చింది. ఆ తర్వాతి గదిలో గోడంతా పరుచుకున్న నీలిరంగు కాన్వాసు, దాని మధ్యలో ఒక పసుప్పచ్చ గీత. ఇంకా అయిపోలేదా దీని పని అని గట్టిగానే అడిగింది. పక్కనున్న జంట నవ్వితే వాళ్లతో పాటు తనూ నవ్వింది. వెనక్కి రెండడుగులు వేసి, తల అటూ ఇటూ వంచి మళ్లీ చూసింది.

"బాగానే ఉండాదిలే. ఎండాకాలంలో దీని కింద చాప ఏసుకుని పండుకోవచ్చు," అంది.

అంతకంటే మంచి మాట ఆ బొమ్మ గురించి ఇంకెవరూ చెప్పి ఉండరు. ఆమెతో తిరుగుతుంటే నాకెంత సంతోషంగా ఉందంటే, అసలు ఎందుకు తీసుకొచ్చానో కూడా మరిచిపోయాను.

ఈలోగా మూడో గదిలో ఒక ఘనకార్యం జరిగిపోయింది. తట్టాంచావడి నుంచి మా పిన్ని వచ్చింది. మావైపు ఎవరి ఫంక్షన్ అయితే వాళ్ల మెడలో దండ పడాల్సిందే. అందుకని అక్క కోసం మంత్రిగారికి వేసేటంత గులాబీ దండ తెచ్చింది. మాస్టారి ముందు అక్కకు సిగ్గేసింది. ఇప్పుడొద్దు పిన్నీ, యాడన్నా పెట్టు అనేసి, వచ్చినవాళ్లకు బొమ్మలు చూపించడానికి వెళ్లిపోయింది. పిన్ని చుట్టూ చూసింది. బల్ల లేదు, కుర్చీ లేదు. ఎదురుగా గోడ మీద బాగా తెలిసిన ముసలావిడ బొమ్మ, దండ లేకుండా బోసిగా కనిపించింది. పుట్టినప్పటి నుంచి ఏం చూసిందో పిన్ని చేతులు అదే చేశాయి. తర్వాత అందరం మీద పడితే, దండేమో చేతిలో ఉండాది, బొమ్మేమో గోడ మీద ఉండాది, నేనేం చేసేది అని మమ్మల్నే దబాయించింది.

నేనూ అత్తా సరిగ్గా అప్పుడే ఆ గదిలోకి అడుగుపెట్టాం. గోడ మీద నిలువెత్తు దండతో అత్త. అటు తిరిగిన అక్క ముందు దండను చూసింది, తర్వాత అత్తను చూసింది. గుమ్మంలో సాక్షాత్తూ ఆ మనిషే నిలబడి ఉండటం చూసి పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పద అత్తా, కాఫీ తాగొద్దాం అని చెయ్యి పట్టుకుని లాగాను. నా చెయ్యి విదిలించుకుని నేరుగా బొమ్మ దగ్గరికి వెళ్లింది.

బొమ్మకు మొహం ఆనేంత దగ్గరికి వంగింది. కమ్మలకు సాగిపోయిన చెవి తమ్మెలు, చేతి మీద ఉబ్బిన నరాలు, గోరులో ఇరుక్కున్న మునగాకు ఈనె, పక్క వేలి మీదికెక్కిన కాలి చిటికెన వేలు. ఒక్కొక్కటీ చూసి, చెప్పు విడిచి తన కాలి వేలూ చూసుకుంది. ఆ వేలు అలా ఉంటుందని నేనూ ఎప్పుడూ గమనించలేదు. అక్క వెనకే వచ్చి నిలబడి, అత్తా ఆ దండ అని ఏదో చెప్పబోయింది.

అత్త నన్ను పిలిచి దండ తియ్యమంది. తీశాను. ఆమె నా ముందుకొచ్చి తల వంచింది.

"నా మెళ్లో ఎయ్యి. నేనింకా ఉండా కదా," అంది.

వేశాను. ముందు పిన్ని నవ్వింది, తర్వాత మాస్టారు, ఆ తర్వాత గదంతా. నాకైతే నవ్వో ఏడుపో తెలియలేదు. ఫోన్లన్నీ పైకి లేచాయి. అత్త కొంగు అడ్డం పెట్టుకోలేదు. కెమెరాల ముందు నిలబడి జడలో పూలు కూడా సర్దుకుంది.

బీచికి పోదామా అంటే, నువ్వు పోయి తాగిరా అంది. కుర్చీ వేయించుకుని బొమ్మ ఎదురుగా, దండతోనే కూర్చుంది. వచ్చినవాళ్లందరికీ తమిళంలో చెప్పింది, ఇది నేను, వేసింది మా కోడలు అని. ఇద్దరు విదేశీయులకు మాత్రం బొమ్మనూ, తననూ, అక్కనూ వరసగా వేలితో చూపించింది. వాళ్లు చేతులు జోడిస్తే ఈమె కూడా హుందాగా జోడించింది.

సాయంత్రమయ్యాక జనం పలచబడ్డారు. గదిలో మేమే మిగిలాం. అక్కకు మాత్రం ప్రాణం ఇంకా కుదుటపడలేదు. కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, కోపమా అత్తా అని మెల్లిగా అడిగింది. అత్త బొమ్మ మీంచి చూపు తిప్పలేదు.

"కోపమేందే? పెండ్లయి వచ్చినకాణ్ణించీ అందరికీ ఒండి పెడ్తానే ఉండా. నా తట్టు ఇంతసేపు ఎవురు చూసినారే?"

అక్క అత్త ఒళ్లో తల పెట్టుకుని కాసేపు ఏడ్చింది. లైట్లు ఆర్పడానికి వచ్చినామె గుమ్మంలో ఆగి, స్విచ్చి మీంచి చెయ్యి తీసేసింది.