అమ్మకం లేని సలహా

బట్టల నమూనాలు గీసే ఆ కంపెనీలో ఆవిడను అందరూ తాళాలక్క అనే పిలిచేవారు. టైపు చెయ్యడానికి చేరిన మనిషి. చూస్తుండగానే బీరువా తాళాలు, కంప్యూటర్ల పాస్‌వర్డులు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు అన్నీ ఆవిడ నెత్తినే పడ్డాయి. జీతం మాత్రం నత్తనడకే నడిచింది, అది వేరే సంగతి.

ఒకరోజు సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరెవరు ఏ ప్రోగ్రామ్ వాడుతున్నారో తనిఖీ చేస్తారట. లైసెన్సు లేకుండా వాడినట్టు తేలితే జరిమానాతో నడుం విరగడమే. యజమాని ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

“భయమెందుకు బావా, నేను లేనూ?” అన్నాడు ఆయన బావమరిది. ఆ ప్రోగ్రాములన్నీ తెచ్చిపెట్టింది అతనే. సలహాకు పైసా పుచ్చుకోడు. “అందరికీ సరిపోయే పెద్ద ప్యాకేజీ ఒకటి తీసేసుకో. ఇక ఎవరూ నోరెత్తరు.”

తాళాలక్కకు ఒళ్ళు మండింది. “ఏమీ అమ్మకుండా సలహా మాత్రమే చెప్పే మనిషిని పిలిపిద్దామండీ. మనం కొన్నా కొనకపోయినా వాళ్ళ ఫీజు వాళ్ళకొస్తుంది. ఉన్నదున్నట్టు చెబుతారు.”

“ఇంట్లో మనిషుండగా బయటివాళ్ళెందుకమ్మా?” అన్నాడు యజమాని.

“ఆ వచ్చినవాళ్ళు పనికిరారని తేలితే తాళాలు మీకిచ్చేసి వెళ్ళిపోతాను.”

అనేసింది గానీ, కూతురి చదువు, మొగుడి మందులు రెండూ ఆవిడ జీతం మీదే నడుస్తున్నాయి. అన్నమాట వెనక్కి తీసుకునే రకమా అంటే, అదీ కాదు.

సలహా చెప్పడానికి ఒక పెద్దావిడ వచ్చింది. కాఫీ ఇస్తే వద్దంది. గది గదీ తిరిగి, ఏ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, వాళ్ళు లేచాక ఎవరొస్తారు అని ఆరా తీసింది. మర్నాడు సాయంత్రం తాళాలక్కను మెట్ల దగ్గరికి పిలిచింది.

“రెండు షిఫ్టులవాళ్ళూ కూర్చునేది ఒకే కంప్యూటర్ల ముందు. కంప్యూటర్‌కి ఒక లైసెన్సు తీసుకుంటే చాలు. యజమానిగారి బావమరిది మనిషికొకటి అంటగట్టాడు. అతనికి కమీషన్ వస్తుందా అని అమ్మే కంపెనీనే అడిగాను. ప్రతిదాని మీదా వస్తుందన్నారు.”

తాళాలక్కకు ప్రాణం లేచొచ్చింది.

“ఇంకోటుంది. కత్తిరింపు గదిలో మూడు కంప్యూటర్లలో వేరే ప్రోగ్రామ్ నడుస్తోంది, దానికి అసలు లైసెన్సే లేదు.”

లేచొచ్చిన ప్రాణం చతికిలబడింది. ఆర్డర్ల తొందరలో, తర్వాత కొందాంలే అని ఆ మూడింట్లో ప్రోగ్రామ్ ఎక్కించింది తనే. ఆ తర్వాత పూర్తిగా మరిచిపోయింది.

“అవి ఇప్పుడే తీసేస్తానండీ. మీరు మాత్రం చెప్పకండి, నా ఉద్యోగం పోతుంది.”

“ఉత్తరం వచ్చాక తీసేస్తే దాచినట్టే అవుతుందమ్మా. మీకోసం ఒకటి వదిలేస్తే ఇక ఆ బావమరిదికీ నాకూ తేడా ఏముంది? రేపు అందరిముందూ చెబుతాను.”

ఆ మాటకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఇలాంటి మనిషే కావాలని పట్టుబట్టింది మరి తనే.

మర్నాడు అందరూ కూర్చున్నారు. పెద్దావిడ నోరు విప్పకముందే తాళాలక్క లేచి, తాళాలగుత్తి తీసి యజమాని బల్ల మీద పెట్టింది.

“కత్తిరింపు గదిలో మూడింటికి లైసెన్సు లేదండీ. ఎక్కించింది నేనే. ఈవిడ చెప్పేలోగా నేనే చెబుతున్నాను.”

బావమరిది వెనక్కి వాలి నవ్వాడు. “ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా బావా?”

పెద్దావిడ అతని వైపు చూడనైనా లేదు. షిఫ్టుల సంగతీ, కమీషన్ సంగతీ యజమానికి రెండు ముక్కల్లో చెప్పింది. యజమాని గుత్తిని దగ్గరికి లాక్కున్నాడు.

“ఈవిడ పట్టిందిగా,” అన్నాడు పెద్దావిడను చూపిస్తూ. “తనను పిలిపించిన మనిషిని కూడా వదల్లేదు. ఇక నుంచి మనకు సలహా ఈవిడదే. ఆ మూడింటి సంగతి తనిఖీవాళ్ళకు మనమే ముందు చెప్పేద్దాం.”

గుత్తిని తాళాలక్క వైపు తోశాడు. తర్వాత బావమరిది వైపు తిరిగాడు.

“ఈవిడ పట్టింది ఇద్దర్ని. ఒకరు వాళ్ళంతట వాళ్ళే చెప్పుకున్నారు. ఇక నువ్వు చెప్పు.”