పొట్టి పీట మీద పద్యం

పోయిన నా భార్య మీద నేను రాసిన సీసపద్యాన్ని మా ఇంట్లో ఒక్కరూ చివరిదాకా వినలేదు. ఛందస్సు నా అంతట నేనే నేర్చుకుని, గణం తప్పకుండా రాసిన పద్యం! అమెరికాలో, పిస్కాటవే ఊళ్లో నేను మా అబ్బాయి దగ్గరే ఉంటున్నాను; వాడు రెండో పాదానికే "నాన్నా, మీటింగ్ ఉంది, తర్వాత వింటా" అని లేచిపోయాడు. అదీ ఆదివారం.

ఆ సాయంత్రం, పక్కింటి యూదుల పెద్దాయన డేవిడ్ వాళ్ల అన్నయ్య పోయాడని పలకరించడానికి వెళ్లాను. తలుపు బార్లా తీసి ఉంది. పదిమంది కుర్చీల్లో ఉన్నారు. చావింట్లో దర్జాగా కుర్చీలో కూర్చోవడం మర్యాద కాదని, ఖాళీగా ఉన్న పొట్టి పీట మీద కూర్చున్నాను. ఒక్కరూ పలకరించలేదు. అందరూ నోరు మూసుకుని నన్నే చూస్తున్నారు. ఒళ్లు మండింది. అయినా ఇలాంటి శ్రోతలు మళ్లీ దొరకరని, "పోయిన మా ఆవిడ మీద" అని ఇంగ్లీషులో చెప్పి, పద్యం ఎత్తుకున్నాను. రాగం తీసి మరీ, ఎత్తుగీతితో సహా పూర్తి చేశాను. ఒకావిడ కళ్లు తుడుచుకుంది కూడా.

అప్పుడు డేవిడ్ వంటింట్లోంచి వచ్చాడు. ఆ పీట ఆయనదట. సిగ్గుపడి లేవబోతూ, "ఒక్క ముక్క అర్థం కాకపోయినా నన్నెవరూ ఆపలేదేం?" అని అడిగాను. ఆయన నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"మనిషిని పోగొట్టుకున్నవాళ్లు కూర్చునే పీట అది. వాళ్లు నోరు తెరిచేదాకా మేం మాట్లాడం, తెరిచాక ఆపం. మళ్లీ మొదట్నుంచి చదవండి, నేను సగమే విన్నాను."