పెట్టెలో మోగిన ఫోన్లు

2020 జులైలో నన్ను విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర కాంటాక్ట్ ట్రేసింగ్ బృందానికి సూపర్వైజరుగా వేశారు. అప్పటికి ప్రజారోగ్య విభాగంలో నా సర్వీసు ముప్పై ఏళ్ళు దాటింది. ఏఎన్ఎంగా చేరి, టీకాల పెట్టె భుజాన వేసుకుని కొండవాలు వీధులన్నీ తిరిగి, సూపర్వైజరునయ్యాను. నా పైన ఒక మెడికల్ ఆఫీసరు, నా కింద ముగ్గురు ఏఎన్ఎంలు, వాళ్ళ వెనక ఆశా కార్యకర్తలు. పోలియో చుక్కల రోజుల్లో ఇంటి గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి వచ్చేవాళ్ళం. ఆ గుర్తు చూసి ఆ ఇంట్లో పిల్లలెందరో, ఎవరు ఊళ్ళో లేరో చెప్పగలిగేదాన్ని. నా పని నాకు బాగా వచ్చని కొంచెం గర్వం కూడా ఉండేది.

ట్రేసింగ్ అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. జబ్బు తేలిన మనిషిని కూర్చోబెట్టి, లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు దాకా అతన్ని రోజు రోజుగా వెనక్కి తీసుకెళ్ళాలి. మాలో మేం దాన్ని వెనక్కి నడిపించడం అనుకునేవాళ్ళం. పొద్దున్నే ఎక్కడికెళ్ళారు, టీ ఎవరి పక్కన నిలబడి తాగారు, మధ్యాహ్నం ఎండ ఎక్కువైతే ఎవరి అరుగు మీద కూర్చున్నారు. మొదట ఎవరైనా ఏమీ గుర్తు లేదనే అంటారు. తొందరపెట్టకుండా ఆగితే, చూపు ఎక్కడో నిలిపి, తెల్లవారాక కల చెప్పుకున్నట్టు ఒక్కొక్కటే చెబుతారు. ఆ కలలో కనపడిన మనుషులందరి పేర్లూ రాసుకోవడమే మా ఉద్యోగం.

ఆ నెల నాకు కూడా నిద్రలో నడిచినట్టే గుర్తుంది. మాస్కు ఆవిరికి కళ్ళద్దాలు మసకబారి, ఎదురొచ్చేవాళ్ళు నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు ఉండేవారు. దూరంగా సముద్రంలో ఓడలు రోజుల తరబడి కదలకుండా నిలబడి ఉండేవి. పొద్దున చూసిన ఓడ సాయంత్రం కూడా అక్కడే ఉంటే, మధ్యలో పూట గడిచిందో లేదో అనిపించేది. హార్బర్‌లో వేలం పాటల కేకలు కూడా మెత్తబడ్డాయి. పాటకి వచ్చినవాళ్ళు దూరదూరంగా నిలబడి వేళ్ళు చూపించుకుంటూ చేపలు కొనుక్కునేవారు.

అప్పుడే మాకొక యాప్ ఇచ్చారు. దగ్గర దగ్గరగా ఉన్న రెండు ఫోన్లు బ్లూటూత్ ద్వారా ఒకదాన్నొకటి గుర్తు పెట్టుకుంటాయి. ఒకరికి జబ్బు తేలితే, ఆ ఫోను పక్కన ఎక్కువసేపు ఉన్న ఫోన్ల యజమానుల జాబితా మధురవాడలో పెట్టిన కంట్రోల్ రూముకు చేరుతుంది. అక్కడి నుంచి మెడికల్ ఆఫీసరుకు, ఆయన నుంచి నాకు. హార్బర్ గేటు దగ్గర యాప్‌లో పచ్చరంగు చూపిస్తేనే లోపలికి వదులుతున్నారు కాబట్టి వేటకు వెళ్ళే ప్రతి ఒక్కరి ఫోనులోనూ అది ఉండేది. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. కాళ్ళనొప్పుల మనిషిని, గంటల తరబడి ఎవరినీ వెనక్కి నడిపించక్కర్లేదు. మనుషులు మరిచిపోతారు, ఫోను మరిచిపోదు కదా అనుకున్నాను.

సోమవారం నాడు జీలానీకి జబ్బు తేలింది. యాభై దాటిన మనిషి, పాతనగరం వాడు. హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ పక్కన ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు నడిపేవాడు. అతన్ని కోవిడ్ కేర్ సెంటరుకు పంపించారు. కొట్టుకు స్టిక్కరు అంటించి, చుట్టుపక్కల వాళ్ళ వివరాలు రాసుకోవడానికి నేనే వెళ్ళాను. షట్టరు వేసి ఉంది. దాని ముందు నీడలో ఒక ముసలావిడ కాలి బొటనవేలికి వల తగిలించుకుని, తెగిన కళ్ళు కుడుతోంది. పేరు నూకాలమ్మ అని చెప్పింది.

నేను మాట్లాడుతుండగానే షట్టరు లోపల ఒక ఫోను మోగింది. చిన్నపిల్ల గొంతు, "నాన్నా, ఫోనెత్తు, నాన్నా, ఫోనెత్తు" అని. ఆగిపోయింది. కాసేపటికి గుడిగంటలు మోగాయి. అవీ ఆగిపోయాయి. ఎండలో, మూసిన కొట్లోంచి ఆ గొంతులు వస్తుంటే, లోపల ఎవరో కాపురముంటున్నట్టు తోచింది. రిపేరుకొచ్చిన ఫోన్లు కాబోలు అనుకున్నాను. నూకాలమ్మ మాత్రం పిల్ల గొంతు వినపడగానే చేతిలో పని ఆపి, అది ఆగేదాకా షట్టరు వైపే చూసింది.

నీకు ఫోనుందా అమ్మా అని అడిగాను. "నాకేటికి తల్లీ ఫోను, నేదు" అంది. కొత్త ఫారంలో మొదటి గడి ఫోను నంబరు. అది నింపకపోతే రెండో గడి తెరుచుకోదు. ఇంటికి వెళ్ళి కూర్చోమని చెప్పి, నేను ముందుకు సాగిపోయాను.

మంగళవారం జాబితా వచ్చింది. ఎనిమిది పేర్లు, ఎనిమిదీ ఒకే బోటులో పనిచేసే కళాసీలవి. జీలానీ ఫోను పక్కన పన్నెండు రోజులుగా గంటల కొద్దీ ఉన్నారట. అందరికన్నా ఎక్కువసేపు ఉన్నది సూరప్పడు అనే అతను. పేర్ల పక్కన వయసు, ఇంటి నంబరు, ఫోను నంబరు, హైరిస్క్ అన్న మాట. ఎనిమిది మంది ఆ అగ్గిపెట్టంత కొట్లో అన్ని గంటలు ఎలా పట్టారని నాకు తట్టనే లేదు. వరసగా ఫోన్లు చేశాను. మోగుతున్నాయి, ఎవరూ ఎత్తడం లేదు. సూరప్పడికి నాలుగుసార్లు చేశాను. రిమార్కుల గడిలో "ఉద్దేశపూర్వకంగా తప్పించుకుంటున్నారు" అని రాసి, జాబితాను ఫోటో తీసి మా బృందం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అలా పెట్టకూడదని సర్క్యులర్ ఉంది. త్వరగా పనవుతుందని అందరం పెడుతూనే ఉన్నాం.

మధ్యాహ్నానికల్లా ఆ ఫోటో హార్బరంతా తిరిగింది. సూరప్పడి భార్యను కుళాయి దగ్గర బిందె పెట్టనివ్వలేదు. ఎవరో వాళ్ళ వీధి మొదట్లో తాడు కట్టేశారు.

బుధవారం పొద్దున ఆ బోటు వచ్చింది. అప్పుడు గాని అది సముద్రంలో ఉందన్న సంగతే నాకు తెలియలేదు. జెట్టీ మీద జనం తాడు అందుకోలేదు. జబ్బుతోనే బోటెక్కారు, పద్నాలుగు రోజులూ నీళ్ళలోనే ఉండమనండి అన్నారు. బోటు వెనక్కి మళ్ళి హార్బర్‌లోకి వచ్చే కాలవ మధ్యలో లంగరు వేసుకుంది. ఓనరు నాకు ఫోను చేశాడు. "పదమూడు రోజులై పోయింది మేడం ఎల్లి. ఆళ్ళకి జబ్బెలాగొత్తాది? సూరప్పడికి జెల్ల సేప ముల్లు గుచ్చీసింది, సెయ్యంతా వాసిపోనాది, దింపనియ్యండి" అన్నాడు.

అతను ఐసు కరిగి చేపలు పాడైపోతాయన్న భయంతో అబద్ధం చెబుతున్నాడనుకున్నాను. అయినా కంట్రోల్ రూముకు ఫోను చేసి అడిగాను. అక్కడున్న కుర్రాయన ఎంతో మర్యాదగా, డేటాలో పొరపాటు లేదండీ, పన్నెండు రోజులూ ఆ ఫోన్లు పక్కపక్కనే ఉన్నాయి అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజమే. హైరిస్క్ వాళ్ళను దింపాలంటే ప్రత్యేకమైన అంబులెన్సు, పోలీసు బందోబస్తు ఉండాలి. అడిగితే రేపు అన్నారు. నేను ఒడ్డున నిలబడి ఆ బోటునే చూశాను. ఎండకు నీళ్ళు తళతళలాడుతుంటే అది గాల్లో తేలుతున్నట్టుంది. కేబిన్ నీడలో ఒక మనిషి చెయ్యి పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఎవరినో పలకరిస్తున్నాడేమో అనిపించింది. వాపు నొప్పికి చెయ్యి దించలేక అలా పట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

గురువారం పొద్దున, ఎందుకో మనసొప్పక, కేర్ సెంటరులో ఉన్న జీలానీకి ఫోను చేశాను. జాబితా ఉందన్న ధీమాతో అతన్ని మేమెవరమూ వెనక్కి నడిపించలేదు. ఆ రోజు పాత పద్ధతిలో మొదలుపెట్టాను. కొట్టు తెరవగానే ఏం చేస్తావు అని అడిగాను.

"పెట్టె తీస్తాను మేడం. ఫోన్లకి ఛార్జింగ్ ఎట్టాల కదా" అన్నాడు.

ఏ ఫోన్లు అన్నాను. అతను ఆశ్చర్యపోయి, "వేటకెల్లినోళ్ళవి. అక్కడ సిగ్నల్ ఉండదు, ఉప్పునీళ్ళు తగిల్తే ఖరాబైపోతాయి. బోటెక్కే ముందు నా కాడే ఎట్టీసి పోతారు. ఆళ్ళ ఇళ్ళకాడ్నించి ఫోనొత్తే నానే ఎత్తి సెప్తాను, ఇంకా రానేదమ్మా, బాగానే ఉంటారు, భయపడకండని" అన్నాడు.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన మనిషి. ఈ సముద్రం చూస్తూనే పెరిగాను. పక్కనే ఇలాంటి ఏర్పాటు ఒకటి ఏళ్ళ తరబడి నడుస్తోందని నాకు తెలియదు. ఆ యాప్ ఎనిమిది మంది మనుషులను చూడలేదు. ఒక చెక్కపెట్టెను చూసింది.

అయితే సూరప్పడి ఫోనే అందరికన్నా ఎక్కువసేపు నీ దగ్గరెందుకుంది అని అడిగాను. జీలానీ "నూకాలమ్మ పిన్ని అడుగుద్ది మేడం. సూరప్పడు ఆవిడ కొడుకు. ఆవిడకి ఫోను వాడ్డం రాదు. వొళ్ళో ఎట్టుకుని వల కుట్టుకుంటాది. నా బల్ల పక్కనే, పొద్దుగూకే దాకా. మిగతాయి లోపల పెట్టెలో ఉంటాయి, అదొక్కటే రోజంతా నా పక్కనుంటాది. ఇద్దరం ఒకే గ్లాసు టీ పంచుకునీవోళ్ళం" అన్నాడు.

ఆవిడను నేను సోమవారమే చూశాను. ఫోను లేదంది కాబట్టి వదిలేశాను.

మెడికల్ ఆఫీసరుకు జరిగింది చెప్పి, ఎనిమిది పేర్లూ తీయించి, బోటును జెట్టీకి రప్పించేసరికి పది దాటింది. సూరప్పడిని నేరుగా ఆసుపత్రికి పంపాము. తర్వాత నూకాలమ్మ ఇంటికి పరిగెత్తాను. తాడు దాటుకుని లోపలికి వెళ్ళాను. ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని ఆయాసపడుతోంది. వేలికి ఆక్సిమీటరు పెడితే ఆక్సిజన్ అంకె ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ చూపించింది. 108కి ఫోను చేసి, అది వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను. ఆ ఆయాసంలోనే ఆవిడ నాతో ఒక మాట అంది. "ఎల్లిపొమ్మన్నావు గానీ తల్లీ, మర్నాడు కూడా అక్కడే కూకున్నాను. మావోడి ఫోను నాలుగుసార్లు మోగింది. ఎవులికో ఆడితో ఏటో పనుంది, ఎత్తీవోడు లేడు, అని దిగులుపడ్డాను."

ఆ నాలుగుసార్లూ చేసింది నేను. ఆ మాట ఆవిడతో చెప్పలేకపోయాను. ఉద్యోగంలో అంత సిగ్గుపడింది అదొక్కసారే.

నూకాలమ్మ ఆసుపత్రిలో చాలా రోజులుండి ఇంటికి వచ్చింది. సూరప్పడి కుడిచేతికి రెండు వేళ్ళు తీసేశారు. బుధవారం చేరి ఉంటే ఆ వేళ్ళు దక్కేవా అని డాక్టరును అడిగాను. దక్కేవేమో అన్నాడు. జాబితా ఎలా బయటికి వెళ్ళిందో విచారణ జరిగింది. కంట్రోల్ రూములోని కంప్యూటర్ల నుంచి ఒక్క పేరూ పోలేదని తేలింది. పోయింది నా ఫోనులోంచి. ఆ సంగతి ఎవరూ అడగకముందే రాసిచ్చాను. మెమో ఇచ్చారు, నా సర్వీసు రిజిస్టరులో ఉంది.

ఆ ఏడాది చివర్లో హార్బర్‌కు మళ్ళీ వెళ్ళాను. జీలానీ కొట్టు తెరిచి ఉంది. దాని ముందు తల్లీ కొడుకూ పక్కపక్కన కూర్చుని వల కుడుతున్నారు. మూడు వేళ్ళతో తాడు లాగలేడు కాబట్టి సూరప్పడు ఇక బోటెక్కడం లేదు. లోపల బల్ల మీద పెట్టె అలాగే ఉంది. అప్పుడప్పుడు ఒక ఫోను మోగడం, జీలానీ ఎత్తి నెమ్మదిగా ఏదో చెప్పడం వినపడుతోంది. నేను వచ్చిన పని చెప్పాను. నాలుగుసార్లు ఫోను చేసింది నేనేనని, గ్రూపులో ఫోటో పెట్టింది కూడా నేనేనని ఇద్దరికీ చెప్పాను. నూకాలమ్మ నాకు కూర్చోవడానికి ఐసుపెట్టె ఒకటి ముందుకు జరిపింది. సూరప్పడు సూది ఆపకుండానే అన్నాడు.

"నా ఫోన్ని నాలుగుసార్లు అడిగినారు. దాని పక్కనే కూకున్న మాయమ్మని ఓసారి అడగనేదు."

రిటైరయ్యే దాకా కొత్త ఏఎన్ఎంలకు శిక్షణ ఇచ్చే పని కూడా చూశాను. ఫారంలో మొదటి గడి మార్పించడం నా వల్ల కాలేదు. అందుకని ఆ గడికి పైన, ఖాళీ జాగాలో, పెన్సిలుతో ఒక ప్రశ్న రాసుకోమని చెప్పేదాన్ని. ఈ ఫోను ఆ రోజుల్లో ఎవరి ఒళ్ళో ఉంది? జవాబు చెప్పగల మనిషి ఎదురుగా కనపడేదాకా కింది గడులు నింపవద్దు.