అత్త పెట్టె మింగిన డిస్కు

నిన్న నంద్యాలలో రిపేరు షాపతను మా మేనత్త పాటల పెట్టె విప్పి, లోపలి రబ్బరు రోలరును వేలితో తిప్పి చూపించాడు. పదకొండేళ్లుగా నాకున్న అయోమయం అంతా ఆ బల్ల మీదే ఉంది.

ఆ పెట్టె కొని ఆళ్లగడ్డలో అత్తకిచ్చింది నేనే. మామ రాళ్లు చెక్కేవాడు. ఉలి దెబ్బల మధ్య ఆయన పాడుకునే తత్వాలు ఒకే ఒక్క క్యాసెట్లో ఉండేవి. ఆయన పోయాక వాటిని డిస్కులోకి ఎక్కించాను. కొన్నాళ్లకే క్యాసెట్ తెగిపోయింది, ఇక మామ గొంతు ఆ డిస్కులోనే మిగిలింది. పెట్టెకేమో బయటికొచ్చే పళ్లెం లేదు, ముందు సన్నటి సందొకటే ఉంది. డిస్కు అంచు ఆనిస్తే చాలు, తనే లాక్కునేది. ఎలా లాక్కుంటుందో, బటన్ నొక్కితే ఎలా తిరిగిస్తుందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అన్నీ తెలిసినవాడిలా అత్తకు పాఠం చెప్పాను. ఆమెకు చదువు రాదు. మామ డిస్కు ఏదో గుర్తుండాలని దాని మీద ఒక స్టిక్కర్ బొట్టు అతికించాను. మామ పోయాక ఆమె పెట్టుకోవడం మానేసినా, బొట్లు అద్దం మీద అలాగే ఉండేవి. వాటిలోంచి పీకిందే అది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారం తిరక్కుండానే పెట్టె డిస్కును మింగి కూర్చుంది. బటన్ నొక్కితే గుర్రుమంటుంది గానీ బయటికి పంపదు. పైగా లోపల డిస్కే లేదని తెర మీద చూపిస్తుంది. మా కళ్ల ముందే లోపలికి పోయింది కదా, మరి ఏమైనట్టు? పెట్టెను బోర్లించాం, తట్టాం, సందులోకి టార్చి వేసి చూశాం. ఏమీ పాలుపోక నేను అత్త మీద పడ్డాను.

"గట్టిగా తోసింటావు అత్తా. దానంతట అదే పోతాదని చెప్తి గదా."

ఆమె తన చేతుల వంక చూసుకుంటూ, "తోసినానేమో అబ్బీ" అంది.

విప్పిస్తానంటే ఒప్పుకోలేదు. విప్పేటప్పుడు డిస్కు విరిగితే ఆ గొంతు కూడా ఉండదని భయం. పెట్టెను బీరువా మీద పెట్టి, పైన తువ్వాలు కప్పింది. ఇన్నేళ్లకు, పోయిన వారం తనే దించి, ఒకసారి వినాలనుందని నా చేతికిచ్చింది.

నిన్న షాపతను చెప్పిందేమంటే, అంచు తగలగానే మోటారు తిరిగి రోలరు డిస్కును లాగుతుందట, బయటికి రావాలంటే అదే రోలరు వెనక్కి తిరగాలట. ఇంతోటి దానికా నేను అంత బుర్ర బద్దలు కొట్టుకుంది అనుకున్నాను. గట్టిగా తోస్తే ఇలా అవుతుందా అని అడిగాను.

"తోస్తే ఇట్ల కాదన్నా. ఇదో, ఇది ఊడి రోలరుకు సుట్టుకొనింది, డిస్కు మద్దెలోనే నిలబడిపోయింది" అంటూ పట్టకారుతో ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు. ముడతలు పడిన ఎర్ర బొట్టు.

సాయంత్రం ఆళ్లగడ్డలో మామ పాడాడు, ఉలి చప్పుడుతో సహా. పాట అయ్యాక బొట్టు చూపించి, తప్పు నాదేనని అత్తతో చెప్పాను. ఆమె కోప్పడలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

"ఇన్నేండ్లూ ఈ చేతులే ఆయన్ను పోగొట్టినాయనుకుంటి అబ్బీ."

రోలరు వెనక్కి తిరిగితే డిస్కు వచ్చింది. ఆ పదకొండేళ్లు అత్తకు ఎలా తిరిగొస్తాయో మాత్రం నాకు అర్థం కావడం లేదు.