చాచా చింతగింజలు

ఈ మధ్య మా ఇంటి గోడకు బిగించిన కొత్త నీటి మీటరులో, నీరు కదిలినప్పుడల్లా ఆవగింజంత ఎర్రదీపం వెలిగి ఆరుతుంటే, పొద్దున్నే కుర్చీ వేసుకుని దాన్ని చూస్తూ కూర్చోవడం అలవాటైంది. చూస్తున్నకొద్దీ ఆ మినుకు నన్ను, ప్రత్యేక రాష్ట్రం ఏర్పడిన తొలి ఏళ్లలో, కేతేపల్లి దాపున నేను వైరింగు చేసిన చిన్న పంపుహౌసుకు మెల్లగా తీసుకుపోతుంది.

అక్కడి మీటరులో వంద లీటర్లు పారి ముల్లు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా చిన్న కాంటాక్టు కలిసి విడిపోయేది. ఆ పల్సును, అంటే ఆ చిన్న కరెంటు సంకేతాన్ని, లోహపు తొడుగు షీల్డున్న కేబులులో, లెక్కపెట్టే కంట్రోలరు డబ్బాకు చేర్చి, షీల్డును ఒక్క కొసనే ఎర్తుకు కలిపి, ప్రతి స్క్రూనూ రెండుసార్లు బిగించి చూసుకున్నాను. రెండు వందల పల్సులు లెక్కకు రాగానే వాల్వు తనంతట తానే మూసుకోవాలి; ఆ ఇరవై వేల లీటర్లు గుట్టమీది వాడకు రోజువారీ వాటా.

వారం తిరక్కముందే గుట్టమీది బిందెలు సగం ఖాళీగా మిగిలాయి. నిందంతా, గొట్టం దారిలోని చేతివాల్వులను ఏళ్లుగా తిప్పుతున్న, ఊరంతా చాచా అని పిలిచే పెద్దాయన మీద పడింది. "మా నీళ్లు ఎవరి మడిల పారిచ్చినవ్ చాచా?" అని ఆడవాళ్లు మొహం మీదే అడిగారు. ఆయనను పని మాన్పించాలన్న మాట పంచాయతీ దాకా పోయింది. నన్నడిగితే, నీళ్లు పూర్తిగా వెళ్లాయని, కంట్రోలరు తెరమీది రెండు వందలను వేలుపెట్టి చూపించాను.

మర్నాడు పొద్దున చాచా మీటరు పక్కన గొంతుకూర్చుని, కంట్రోలరు రాకముందు తాను లెక్కపెట్టిన పద్ధతిలోనే, ముల్లు తిరిగినప్పుడల్లా ఒక చింతగింజను తువ్వాల మీద పెట్టసాగాడు. వాల్వు మూసుకున్నాక ఆ గింజలను నాచేతనే లెక్కపెట్టించాడు. సరిగ్గా వంద.

"సారూ, నీ డబ్బా జర తొందరవడుతాంది. నేను ఒకటంటె అది రెండంటాంది," అన్నాడు.

తప్పు తీగలలో లేదు. కాంటాక్టు కలిసినప్పుడు మాత్రమే లెక్కించవలసిన కంట్రోలరును, కలిసినా విడిపోయినా లెక్కించేలా సెట్ చేసింది నేనే. దాన్ని సరిదిద్ది, మరుసటి రోజు గుట్టమీది చివరి ఇంటి బిందె నిండేదాకా నిలబడి, తప్పు నాదని అందరిముందూ చెప్పాను. "ఇంత సదివిన సారుకు గింజలతోని లెక్క నేర్పినవా చాచా!" అని మొన్న నిలదీసినవాళ్లలో ఒకావిడే నవ్వింది. చాచా తువ్వాల దులిపి భుజాన వేసుకుని వాల్వుల వైపు నడిచాడు.

ఇప్పుడా పంపుహౌసుకు ఎప్పుడూ తాళమేనట; లెక్కలన్నీ దూరాన ఏదో తెరమీదికి చేరతాయట; మీటరు పక్కన కూర్చునే మనిషి లేడు. అంకె మళ్లీ ఎప్పుడైనా తప్పితే, అది తప్పని చెప్పడానికి ఎవరి తువ్వాల పరుచుకుంటుందో తెలియదు. మా గోడమీది దీపం మినుకుతూనే ఉంటుంది. నేను ఒళ్లో చింతగింజలు పోసుకుని, ఒక్కో మినుకుకు ఒక్కో గింజ పక్కన పెడుతుంటాను.