మా అన్నయ్య నాకు తమ్ముడైన సంగతి

మా అన్నయ్య గోపి 1990 మే తొమ్మిదో తేదీన, తుఫాను తీరం దాటుతున్న పూట, కోడూరు దిగువన మా పల్లె తుఫాను షెల్టరులో పుట్టాడు. ఇందులో అనుమానానికి చోటు లేదు. ఆ వేళ షెల్టరులో ఊరంతా ఉంది. మా అమ్మ చిట్టెమ్మ చుట్టూ చీరలు అడ్డం పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళలో ఇద్దరు ఇంకా బతికే ఉన్నారు. మా వైపు వయసులు తుఫాన్లతోనే చెప్పుకుంటారు. "ఉప్పెనప్పుడు మా పెద్దోడు చంకలో ఉన్నాడు" అంటే ఇంకెవరూ ఏమీ అడగరు. నేను తర్వాత రెండేళ్ళకి, 1992 ఆగస్టులో పుట్టాను.

కాగితాల ప్రకారం మాత్రం గోపి 1993 జనవరి అయిదున పుట్టాడు. నాకంటే అయిదు నెలలు చిన్న. పోయిన ఏడాది ఆగస్టులో అతను చనిపోయినప్పుడు పేపర్లలో వచ్చిన నాలుగు ముక్కల్లోనూ ఆ తేదీయే ఉంది. ఆ ముక్కలు చదివినప్పటి రోత ఇంకా నోట్లోంచి పోలేదు.

చిన్నప్పుడు మా నాన్న కోటయ్య వాళ్ళు ఒడ్డు నుంచి వల లాగుతుంటే, అది పూర్తిగా ఒడ్డుకి చేరేదాకా పిల్లలు బంతి ఆడేవాళ్ళు. నీళ్ళంచున తడిసిన ఇసుక గట్టిగా ఉంటుంది. రెండు బారలు పైకి వస్తే పాదం దిగబడుతుంది. పరిగెత్తగలిగిందల్లా ఆ అంచు మీదే. బంతి నీళ్ళలో పడితే అవుట్. సముద్రం ఎడం చేతి వైపు ఉండేలా గోపి జట్టు గోలు పెట్టుకునేది. పదేళ్ళకే అతనికి ఎడమ గీత పక్కన, ఒక్క అడుగు కూడా అటు పోకుండా, బంతితో దూసుకెళ్ళడం వచ్చింది. తర్వాత కోల్‌కతాలో కోచ్‌లు లెఫ్ట్ వింగర్‌కి గీత ఎలా వాడుకోవాలో చెబుతుంటే తనకి నవ్వొచ్చేదని చెప్పేవాడు.

2004లో కోడూరులో జరిగిన మండల ఫుట్‌బాల్ పోటీల్లో గుడివాడ నుంచి వచ్చిన పిచ్చేశ్వరరావు అనే వ్యాయామ ఉపాధ్యాయుడు గోపిని చూశాడు. గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆయన ఉద్యోగం. వారం తిరక్కుండా మా ఇంటికొచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫీజు లేదు, హాస్టలు ఫ్రీ, బూట్లు నేనే కొంటానన్నాడు. తర్వాత సంచిలోంచి ఒక ఫారం తీశాడు.

"పద్నాలుగేళ్ళోడిగా ఆడితే వీడు వందమందిలో ఒకడు కోటయ్య గారూ. పదకొండేళ్ళోడిగా ఆడితే వీడొక్కడే."

పుట్టిన రోజు మార్చడం తప్పు కాదా అని అమ్మ అడిగింది. మారేది కాగితమే గాని పుట్టుక కాదని, అందరూ చేసేదేనని, ఆయన చాలా ఓపిగ్గా వివరించాడు. ఆ వయసు జట్టుకి ఆ ఏడాది కటాఫ్ జనవరి ఒకటి, అంతకు ముందు పుట్టినవాళ్ళు పనికిరారు. నాలుగు రోజులు అటు వేసి జనవరి అయిదు రాశాడు. అమ్మ వేలిముద్ర వేసింది. నేను గడప మీద కూర్చునే ఉన్నాను. నేనెప్పుడు పుట్టానో ఆయన అడగలేదు. ఆ అయిదు నెలలు అలా వచ్చాయి. అబద్ధం చెప్పడానికి కూడా శ్రద్ధ లేని మనిషి.

గుడివాడ స్కూల్లో చేర్పించిన రోజు నేనూ వెళ్ళాను. హెడ్మాస్టరు, "ఎప్పుడు పుట్టావురా?" అని అడిగారు. గోపి జవాబు చెప్పేముందు పిచ్చేశ్వరరావు గారి వంక చూశాడు. ఆయన కళ్ళార్పాడు. అప్పుడు చెప్పాడు.

సెలవులకి ఇంటికొస్తే అదే మాకు ఆట.

"అక్కగారూ, కాసిని మంచినీళ్ళిప్పించండి."

"పెద్దదాన్ని, నాకు పని చెప్తావా తమ్ముడూ? లేచి తెచ్చుకో."

రేషన్ కార్డు మార్పించడానికి వెళ్తే అక్కడి గుమస్తా రెండు తేదీలూ చూసి, "ఏమ్మా, అయిదు నెలలకోసారి కనేస్తావా?" అని పదిమందిలో నవ్వాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తనూ నవ్వినట్టు నటించింది. మేము దాన్ని కూడా ఇంట్లో అభినయించుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వులు గుర్తొస్తే ఇప్పుడు నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

గుడివాడ స్టేడియంలో అండర్-ఫోర్టీన్ ఫైనల్ చూశాను. గోపికి పదిహేనేళ్ళు దాటాయి. అతన్ని ఆపాల్సిన కుర్రాడు అతని భుజానికి కూడా రాడు. గోపి బంతిని ఆ పిల్లవాడి పక్కనుంచి ముందుకి తన్నేవాడు, పరిగెత్తి అందుకునేవాడు. అంతే ఆట. మూడోసారికి ఆ పిల్లవాడు కూలబడి ఏడ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎదుటి మనిషిని ఆటతో దాటడం గోపికి నేర్పాలని ఎవరికీ తోచలేదు, ఆ అవసరమే రాలేదు కాబట్టి. చాలా ఏళ్ళ తర్వాత తనే అన్నాడు: "నేను ఫుట్‌బాల్ ఆడలేదే జ్యోతీ. పిల్లల్ని దాటి పరిగెత్తానంతే."

కాగితం మీద పదహారేళ్ళప్పుడు జాతీయ శిబిరానికి పిలుపొచ్చింది. అక్కడ మణికట్టుకి ఎక్స్-రే తీసి ఎముకల వయసు చూస్తారని తెలిసి, పిచ్చేశ్వరరావు గోపికి కామెర్లని ఉత్తరం రాయించాడు. హాస్టల్ గదిలో వారం రోజులు పథ్యం కూడు తిని గోపి జబ్బు మనిషిలా పడుకున్నాడు. దేశం తరఫున ఆడే దారి అక్కడితో మూసుకుపోయింది. దానికి ఆ మాస్టారు చెప్పిన ఓదార్పు, "వయసుందిగా" అని.

2012లో కోల్‌కతాలో ఒక క్లబ్ తీసుకుంది. రెండో శ్రేణి లీగు. చొక్కా వెనక పదకొండో నంబరు. మా పల్లెలో మొదటి రెండేళ్ళూ మొబైల్లో స్కోరు చూసుకుని జనం మురిసిపోయారు. అతను ఆడినవి డెబ్బై రెండు మ్యాచ్‌లు, కొట్టిన గోల్స్ పది. ఎడం వైపు నుంచి లోపలికి పంపిన బంతులతో ఇతరులు కొట్టినవి ఇంకా ఎక్కువ. చెడ్డ ఆటగాడు కాదు. కాని కోచ్‌లు అతనిలో ఇంకేదో రావాలని ఎదురుచూశారు. ఇరవై మూడేళ్ళే కదా, ఇంకో రెండేళ్ళకి పండుతాడని రాసుకున్నారు. అప్పటికి అతనికి ఇరవై ఆరు. పండాల్సిందంతా పండిపోయింది. లేని ఎదుగుదల కోసం అందరూ చూస్తుంటే, లేదని తెలిసినవాడు తనొక్కడే.

జనవరి అయిదున జట్టంతా కేకు కోసి, క్రీము మొహానికి పూసేవాళ్ళు. ముక్కులోకి, చెవుల్లోకి పోయిన ఆ తీపి వాసన రెండ్రోజులు వదలదని, భోజనం సయించదని ఫోన్లో చెప్పేవాడు. మే తొమ్మిదిన మాత్రం ఇక్కడ అమ్మ బెల్లం పరమాన్నం వండి, ఎవరికోసమో చెప్పకుండా మాకు పెట్టేది.

2018లో మోకాలు పోయింది. ఈ వయసువాడికి ఆర్నెల్లలో నయమవ్వాలని డాక్టరు అన్నాడట. తన అసలు వయసెంతో గోపి చెప్పలేకపోయాడు. నయం కాలేదు. మరుసటి ఏడాది క్లబ్ వదిలేసింది.

బందరు వచ్చి, పొద్దుటి పూట పిల్లలకి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. నేను అక్కడే జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. గోపి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కొత్త పిల్లవాణ్ణి చేర్చుకునే ముందు ఏ కాగితమూ చూసేవాడు కాదు. తల్లిని రమ్మనేవాడు. "వీణ్ణి ఎప్పుడు కన్నారమ్మా?" అని అడిగేవాడు. తండ్రి కాగితం తెస్తాడు, తల్లి తేదీ తెస్తుందనేవాడు.

బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులున్న జయకృష్ణ అనే ఆయన తన కొడుక్కి రెండేళ్ళు తగ్గించి ఆడించమన్నాడు. గోపి కుదరదన్నాడు. ఆయన అందరి ముందూ నింపాదిగా అన్నాడు: "తమరు మాత్రం ఏ వయసుతో ఆడారో మాకు తెలీదా సార్?"

ఆ నెలలో సగం మంది పిల్లలు మానేశారు. మిగిలినవాళ్ళ మొహం చూడలేకపోతున్నానని గోపి అన్నాడు. పుట్టిన తేదీ సరిచేయించుకోవాలని అప్పుడే పట్టుబట్టాడు. పాత సర్టిఫికెట్లన్నీ చెల్లవని, కోచ్ లైసెన్సు కూడా పోవచ్చని బందరు వకీలు హెచ్చరించాడు. పోతే పోనీ అన్నాడు గోపి. కావల్సింది ఒక్కటే: తల్లి కోర్టుకొచ్చి నిజం చెప్పాలి.

అమ్మ రానంది. ఈ సంగతి ఎలా తెలిసిందో, పిచ్చేశ్వరరావు కోడూరొచ్చి అమ్మకి నచ్చజెప్పి వెళ్ళాడు. దొంగ వేలిముద్ర వేసింది నువ్వే గనక జైలుకెళ్ళేది నువ్వేనని చెప్పాడు. మర్యాదగా, గారు చేర్చి, టీ తాగుతూ చెప్పాడు. గోపి మూడుసార్లు వచ్చి అడిగాడు. మూడోసారి గడప దగ్గరే నిలబడి, "నా మూడేళ్ళు నాకిప్పించవే అమ్మా" అన్నాడు. "వదిలెయ్యరా నాయనా" అంది అమ్మ. నేను అక్కడే ఉన్నాను. నేనూ ఏమీ మాట్లాడలేదు.

ఆ తిరుగు ప్రయాణంలోనే, అవనిగడ్డ రోడ్డు మీద, చేపల లారీల్లోంచి కారిన నీళ్ళకి బండి జారింది. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. ముప్పై నాలుగేళ్ళు.

మరణ ధ్రువీకరణకి వెళ్తే ఆధార్‌లో ఏముంటే అదే ఎక్కిస్తామన్నారు. ముప్పై ఒకటి అని రాసి నా ముందు పెట్టారు. ఊరికెళ్ళాలి, కర్మకాండలు చూడాలి, వెనక జనం తోస్తున్నారు. సంతకం చేశాను. తెలుగు పాఠాలు చెప్పే చేత్తోనే చేశాను. పిచ్చేశ్వరరావు రాసిన అబద్ధానికి ఆఖరి సాక్షిని నేనే.

ఈ జనవరిలో గుడివాడ స్టేడియంలో గోపి పేరు మీద అండర్-ఫోర్టీన్ టోర్నమెంటు పెట్టారు. జనవరి అయిదున, జయంతి అట. పెట్టింది పిచ్చేశ్వరరావే. నాన్న రానన్నాడు. అమ్మ వస్తానంది, ఎందుకో చెప్పలేదు. గేటు దగ్గరే పెద్ద ఫ్లెక్సీ. పదకొండో నంబరు చొక్కాలో గోపి, కింద పెద్దంకెల్లో ఆ తేదీ. పక్కన గోపి కంటే పెద్దగా మాస్టారు.

మైదానంలో పిల్లల్ని చూశాను. కొందరు నిజంగా పిల్లలే. మరి కొందరికి పొద్దున్నే గొరిగిన మీసాల జాగా నీలంగా మెరుస్తోంది. ఎడం వైపు ఆడుతున్న ఒక పొడుగాటి కుర్రాడు బంతిని ముందుకి తన్ని, పరిగెత్తి అందుకుంటున్నాడు. ఎదుట ఉన్నది అతని భుజానికి రాని పసివాడు. జనం చప్పట్లు కొడుతున్నారు.

సభలో మాస్టారు మైకు అందుకున్నాడు. ముప్పై ఒకటో ఏట రాలిపోయిన తార అన్నాడు. సరిగ్గా ఇదే రోజున ఆ తల్లి కడుపున ఆ బిడ్డ పుట్టాడంటూ అమ్మ వైపు చెయ్యి చాచాడు. అమ్మకి చదువు రాదు. ఫ్లెక్సీ మీద ఏముందో నేను చెప్పలేదు. ఇది మాత్రం చెవులారా వింది.

శాలువా కప్పడానికి ఆయన దగ్గరికొచ్చాడు. చేతిలో మైకు ఇంకా పలుకుతూనే ఉంది. అమ్మ శాలువా పట్టుకుని ఆపింది.

"ఆ రోజు నేనెవర్నీ కనలేదండీ మాస్టారూ."

మైకు ఆ మాటని స్టేడియమంతా తీసుకెళ్ళింది.

"నా బిడ్డ తుఫాను నాడు పుట్టాడు. వేలిముద్ర నాదే. జైల్లో వేస్తే వెయ్యండి."

ఆయన మైకు నొక్కేసి, మళ్ళీ తెరిచి, పెద్దావిడ దుఃఖంలో ఉందని సర్దిచెప్పాడు. జనం సానుభూతిగా తలలూపారు. వేదిక మీద ఒకాయన గడియారం చూసుకున్నాడు. బహుమతులు కానిచ్చేద్దామన్నారు. ఉత్తమ వింగర్‌గా ఆ పొడుగాటి కుర్రాణ్ణి పిలిచి, పతకం అమ్మ చేతికిచ్చారు.

అమ్మ పతకం వెయ్యలేదు. కుర్రాడి మొహంలోకి చూసింది. గొరిగిన పైపెదవి మీద చిన్న గాటు, ఎండిన రక్తం.

"నీకు చెల్లెళ్ళున్నారా నాయనా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి కూడా వాడు, జవాబు చెప్పేముందు, పిచ్చేశ్వరరావు గారి వంక చూశాడు.